ఆవును తిట్టే ఆదివారం

2 సెప్టెంబర్ 2019, సోమవారం

ఈ రోజు మా కాలేజీ 'అరతలుపు' పత్రికకు ఒక వ్యాసం వచ్చింది. పంపినావిడ పేరు ఇరాసెమా తవారెస్, ఉండేది సావో పావ్లో. శీర్షిక: "ఆవును తిట్టే ఆదివారం: ఒక ఐరిష్ ఆచారం పుట్టుకపై కొన్ని సందేహాలు."

ముప్ఫై నాలుగు పేజీలు. మొదటి పేజీ చదివాను. మిగతావి తర్వాత చదవచ్చు, తొందరేం లేదు. ఇరవై రెండేళ్ళుగా ఈ పత్రికకు సంపాదకురాలిని. సందేహాలున్నవాళ్ళను చాలామందిని చూశాను.

మధ్యాహ్నం తిండి సయించలేదు. ఎండ వల్ల కావచ్చు. ఎండ రాలేదు. రాకపోవడం వల్ల కావచ్చు.

3 సెప్టెంబర్

ఫుట్‌నోట్లు మా పద్ధతిలో లేవు. కామా ఉండాల్సిన చోట చుక్క పెట్టింది. ఇలాంటివి నేను సహించను. నూట పన్నెండు ఫుట్‌నోట్లూ దిద్ది పంపమని వెనక్కి పంపాను. మామూలుగా దీనికి రెండు నెలలు పడుతుంది. చాలామంది మళ్ళీ మొహం చూపించరు.

హాయిగా ఉంది. బిస్కెట్లు తిన్నాను.

4 సెప్టెంబర్

దిద్ది పంపింది. నూట పన్నెండూ. పైగా 2006 సంచికలో నేను చేసిన రెండు తప్పులు కూడా చూపించింది. ఎంతో మర్యాదగా.

8 సెప్టెంబర్, ఆదివారం

చర్చిలో పూజకు వెళ్ళి వచ్చి వ్యాసం మొత్తం చదివాను. ఇక ఎక్కడో ఒకచోట రాసుకోకపోతే పిచ్చెక్కేలా ఉంది. ఈ పుస్తకం ఎవరూ చూడరు కాబట్టి రాస్తున్నాను.

1969 నవంబర్. నాకు పదేళ్ళు, ఫ్లానన్ అన్నయ్యకు పదమూడు. కాలేజీలో చదువు చెప్పే కానిస్ టియర్నీ మాస్టారు పెట్టెంత టేపురికార్డరు మోసుకుంటూ కిల్‌బ్రాకన్‌లో మా ఇంటికి వచ్చారు. పాతకాలపు ఆచారాలు మా నాయనమ్మ నోట విని రికార్డు చేసుకుందామని. నాయనమ్మకేమో పంటినొప్పి. దవడకు శాలువా చుట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది. "ఆ మనిషి లోపలికొస్తే కొరుకుతాను, ఉన్న పళ్ళతోనే" అంది. అమ్మ పాలు పోయడానికి వెళ్ళింది.

మాస్టారు పొయ్యి దగ్గర కూర్చున్నారు. టోపీ అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ వారం పదకొండు ఇళ్ళు తిరిగారట. అందరూ టీ ఇచ్చారు తప్ప ఒక్క ముక్క చెప్పలేదట. "ఇక ఏమీ మిగల్లేదేమో" అన్నారు, మాతో కాదు, పొయ్యిలో నిప్పుతో. నాకు ఆయన్ను చూసి ఏడుపొచ్చింది. ఆ మైకులో మాట్లాడాలని కూడా అనిపించింది. రెండూ సగం సగం. నిజం చెప్పాలంటే మైకు వైపే కాస్త ఎక్కువ.

"మా ఇంట్లో ఆవును తిడతాం" అన్నాను.

ఆయన తలెత్తారు. ఆ మొహం చూశాక ఆగలేకపోయాను. మంచి ఆవును ఎవరైనా మెచ్చుకుంటే దిబ్బల కింద ఉండే మాయ మనుషుల, భయంకొద్దీ మేం 'మంచివాళ్ళు' అనేవాళ్ళ, కన్ను దాని మీద పడుతుంది, పాలు ఎత్తుకుపోతారు. అందుకని నవంబర్ మొదటి ఆదివారం వెన్న చిలికే పీపా బోర్లించి, ఇంటికి పెద్దావిడ దాని మీద కూర్చుని, మంచివాళ్ళకు వినబడేలా ఆవును తిట్టాలి. అలా చెప్పుకుంటూ పోయాను.

"ఏమని తిడతారమ్మా?" అన్నారు. అది ఆలోచించుకోలేదు. ఆ పొద్దున రేడియోలో విన్న సాసేజుల ప్రకటన దరువు నోట్లో తిరుగుతోంది. "వేగిన సాసేజి రారండీ, వేడిగ ఉండగ తినరండీ." దాని మీదే కట్టేశాను:

"వంకర తోక వయ్యారీ, వాచిన కాళ్ళ సింగారీ, నీ పాలల్లో నీళ్ళున్నాయి, నీళ్ళల్లో పాలేవే!"

అప్పుడు గుమ్మంలో నిలబడ్డ అన్నయ్య ఊరుకోక, "మగవాళ్ళందరూ అంబా అనాలి, ఆవు ఒప్పుకున్నట్టు" అన్నాడు. అని, అరిచి చూపించాడు.

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. వారం తర్వాత కేకు పట్టుకుని మళ్ళీ వచ్చి, నాయనమ్మను అడిగారు, ఇది నిజమేనా అని. నాయనమ్మ నన్ను చూసింది. కేకును చూసింది. "అవును మరి. ఆవును తిట్టక ఇంకేం చేస్తారు?" అంది. కేకు తినేసింది.

మరుసటేడు మాస్టారు 'అరతలుపు' మొదలుపెట్టారు. తొలి సంచికలో తొలి వ్యాసం అదే. పద్దెనిమిదేళ్ళకు నన్ను కాలేజీలో చేర్చి, దగ్గర కూర్చోబెట్టుకుని చదువు చెప్పారు. ఆయనకు నిజం చెప్పేద్దామని ఇరవయ్యో ఏట అనుకున్నాను, ఆయనకు ఒంట్లో బాగాలేదు. ముప్ఫయ్యో ఏట అనుకున్నాను, ఆయనకు సన్మానం జరుగుతోంది. చివరికి ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని, "ఆ రోజు మీ వంటింట్లో నా బతుక్కి ఒక అర్థం దొరికింది అట్రాక్టా" అన్నారు.

నేనేమన్నాను? "టీ తాగుతారా?" అన్నాను.

ఇప్పటికి ఆవును తిట్టే ఆదివారం మీద టోక్యో, బుడాపెస్ట్, కెనడా, స్పెయిన్, ఎక్కడెక్కడి ఐరిష్ అధ్యయనాల పత్రికల్లోనో అరవై మూడు వ్యాసాలు వచ్చాయి. అందులో ఆరు, అట్రాక్టా హన్రహన్ పేరుతో, నేను రాసినవే. మా ఊళ్ళో ఎవరో ఆ వ్యాసం చదివి, 1983 నుంచి ఆ పండుగ నిజంగానే చేస్తున్నారు. దానికో కమిటీ కూడా ఉంది.

ఇరాసెమా ఆ సాసేజుల ప్రకటనను పాత రేడియో రికార్డుల్లో పట్టుకుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి దరువు గుర్తులు వేసింది. అక్షరం అక్షరం సరిపోయింది. ఇంత శ్రద్ధగా నన్నెవరూ చదవలేదు.

10 సెప్టెంబర్

అన్నయ్య దగ్గరికి వెళ్ళాను. కొట్టంలో ఫిలోమినాకు మేత వేస్తున్నాడు. ఏటా తిట్లు తినే ఆవు అదే.

"అన్నయ్యా, బ్రెజిల్‌లో ఒకావిడకు తెలిసిపోయింది."

"ఏం తెలిసింది?"

"ఆవు సంగతి."

బకెట్ కింద పెట్టాడు. "బ్రెజిల్‌కెలా తెలిసిందే? పక్కింటి కాన్సెప్టాకే ఇంకా తెలీదు!"

చెప్పాను. సాసేజుల దగ్గరికి వచ్చేసరికి నవ్వాడు. కమిటీ దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

"ఇదిగో అట్టీ. మా కొట్టానికి కమిటీ వాళ్ళు రంగు వేయించారు. ఫిలోమినాను చూడ్డానికి జపాన్ నుంచి మనుషులొస్తున్నారు. నువ్విప్పుడు నిజం చెబితే ఏం చేస్తారు, రంగు గీకేస్తారా?"

"నీకూ భాగముంది ఇందులో. అంబా అనాలని చెప్పిందెవరు?"

"అది బాగుంది కాబట్టే ఇన్నేళ్ళు నిలబడింది. నీ పాటలో ఏముందే, సాసేజులు! పస అంతా నా అంబాలో ఉంది."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"ఆ కాగితాలు పొయ్యిలో పెట్టు."

"కాగితాలు కాదు, కంప్యూటర్లో ఉంది."

"అయితే కంప్యూటర్ని పొయ్యిలో పెట్టు."

12 సెప్టెంబర్

వ్యాసాన్ని పరిశీలనకు పంపాను, బుడాపెస్ట్‌లో ఇలాంటి పత్రికే నడిపే హల్మోస్ గారికి. ఇరవై ఏళ్ళలో ఆయన ఎవరి వ్యాసాన్నీ మెచ్చుకోలేదు. ఒకాయన హల్మోస్ అభిప్రాయం చదివి ఉద్యోగం మానేసి తేనెటీగలు పెంచుకుంటున్నాడని చెప్పుకుంటారు. నిష్పక్షపాతంగా ఉంటారనే ఆయన్ను ఎంచుకున్నాను. మరే కారణం లేదు.

30 సెప్టెంబర్

హల్మోస్ నుంచి జవాబు: "ముగింపుతో ఏకీభవించను. కానీ పదేళ్ళలో ఇంత చక్కటి పరిశోధన చూడలేదు. వెంటనే అచ్చు వెయ్యండి."

బిస్కెట్లు అయిపోయాయి.

2 అక్టోబర్

మా డీన్ ప్రెండర్‌గాస్ట్ కప్పు పట్టుకుని నా గదికి వచ్చారు. ఆయన కప్పుతో వచ్చారంటే ఎక్కువసేపు ఉంటారని అర్థం.

"యాభయ్యో సంవత్సరం అట్రాక్టా గారూ! ఏడు దేశాల ఐరిష్ పత్రికల సంపాదకులు వస్తున్నారు. అది చూశాకే 'అరతలుపు'ను ఉంచాలా మూసెయ్యాలా అని పైవాళ్ళు తేలుస్తారు. అందుకని ఈసారి ఆవును మీరే తిట్టాలి."

అమ్మ ఉన్నంతకాలం అమ్మ తిట్టింది. అమ్మ పోయాక పద్దెనిమిదేళ్ళుగా నా బదులు కాన్సెప్టా తిడుతోంది. నాకు సరిగ్గా ఆ ఆదివారమే దగ్గు వస్తుంది.

"నాకు నవంబర్లో దగ్గు..."

"తెలుసు. మీ డాక్టరు మా బావమరిదే. ఈసారి రాదన్నాడు."

లేచి వెళ్తూ గుమ్మంలో ఆగారు. "అన్నట్టు, ఆ బ్రెజిల్ అమ్మాయిని కూడా పిలిచాను. మన ఆవు మీద ఏదో రాసిందటగా. సంతోషిస్తుంది."

14 అక్టోబర్

ఇరాసెమాకు తిరస్కరణ ఉత్తరం రాశాను. "మీ వ్యాసాంశం మా పత్రిక పరిధిలోకి రాదు." తర్వాత మా పత్రిక పరిధి ఏమిటో అట్ట వెనక చదివాను. ఐరిష్ జనజీవనం, ఆచారాలు, ముఖ్యంగా క్లేర్ ప్రాంతానివి.

పంపలేదు.

15 అక్టోబర్

పంపలేదు.

16 అక్టోబర్

నొక్కాల్సింది ఒక్క మీట. వేలు బాగానే ఉంది. పంపలేదు.

31 అక్టోబర్

ఇరాసెమా వచ్చింది. ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. మా వానకు పనికిరాని పల్చటి కోటు వేసుకుంది. నిలువునా తడిసి, కుర్చీ పాడవుతుందని అంచున కూర్చుంది. హాలోవీన్ కదా, ఉంగరం దాచి కాల్చే ఎండు ద్రాక్షల రొట్టె, బ్రాక్, కోసి పెట్టాను. ఆమె ముక్కలో ఉంగరం వచ్చింది.

"ఏడాదిలో నీకు పెళ్ళవుతుంది" అన్నాను.

ఉంగరం అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది నిజం ఆచారమేనాండీ?"

"ఇది నిజమే."

నోరు జారాక గుర్తొచ్చింది, 'ఇది' అని ఒత్తి పలికానని. ఆమె టీ ఊదుకుని చల్లారబెట్టుకుంది.

"మీరు నా వ్యాసం ఎందుకు ఆపారో నాకర్థమైంది మేడమ్. మీ మాస్టారి పేరు చెడుతుందనేగా? నేను ఆయన మోసం చేశారని రాయలేదు. ఆ టేపు విన్నాను నేను. అందులో ఒక చిన్నపిల్ల గొంతు ఉంది. ఆ పిల్ల ఒక మాట చెప్పగానే ఆయన గొంతు మారిపోతుంది. అంత సంతోషం! ఆయన సంతోషపడేకొద్దీ ఆ పిల్ల ఇంకా చెబుతుంది. అది మోసం అనిపించలేదు నాకు. జాలిపడింది, అంతే."

నేను బ్రాక్ ముక్కలు చేస్తూ ఉండిపోయాను. తినడానికి కాదు.

"డిసెంబర్లోగా ఇది అచ్చు కాకపోతే నా ఉద్యోగం పొడిగించరు. నాలుగేళ్ళ పని. మీకు వద్దనిపిస్తే వద్దనండి, ఇంకో పత్రికకు పంపుకుంటాను. కానీ ఏదో ఒకటి చెప్పండి. రోజూ కంప్యూటర్ తెరిచి చూసుకోలేకపోతున్నాను."

చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరిచాను కూడా.

"టీ తాగుతావా?" అన్నాను.

ఆమె చేతిలో నిండు కప్పు ఉంది.

3 నవంబర్, ఆదివారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

రెండు వందల మంది వచ్చారు. వాన కాసేపు ఆగింది. అన్నయ్య పెళ్ళిళ్ళకు వేసుకునే కోటు వేసుకున్నాడు. ఫిలోమినా మెడకు రిబ్బన్ కట్టారు. ఏడు దేశాల సంపాదకులు ముందు వరసలో బెంచీల మీద, ఒళ్ళో నోటుపుస్తకాలతో కూర్చున్నారు. కమిటీ పెద్ద కాన్సెప్టా లూనీ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి బోర్లించిన పీపా మీద కూర్చోబెట్టింది.

"గట్టిగా తిట్టు అట్రాక్టా, వెనకవాళ్ళకు వినబడాలి" అంది.

"వంకర తోక" వరకు అన్నాను. జనం వెనక ఇరాసెమా కనబడింది. అదే పల్చటి కోటు. పాట ఆపేశాను.

"ఇదంతా అబద్ధం" అన్నాను.

ఎవరో ఈల వేశారు.

"ఈ ఆచారం లేదు. ఎప్పుడూ లేదు. నాకు పదేళ్ళప్పుడు నేను కల్పించాను. ఈ పాట సాసేజుల ప్రకటన. మాస్టారు వానలో తడిసి వస్తే చూడలేక చెప్పాను. యాభై ఏళ్ళు నోరు మూసుకున్నాను. నన్ను క్షమించండి."

అప్పుడు ఊళ్ళోని మగవాళ్ళందరూ ఒక్కసారిగా "అంబా!" అన్నారు.

చప్పట్లు. నేను లేచి నిలబడి చేతులూపాను. "కాదు, నిజంగా చెబుతున్నాను!" అన్నాను. "అంబా!" ఈసారి డీన్ గారు కూడా.

కాన్సెప్టా నా చెవిలో, "బాగా కొత్తగా చేశావే! కానీ అబద్ధం అనకు, పాపం. మా అమ్మమ్మ కూడా ఆవును తిట్టేది, నువ్వు పుట్టకముందే" అంది.

"లేదు కాన్సెప్టా. ఎవరూ తిట్టలేదు."

"మా అమ్మమ్మ ఏం చేసేదో నీకు తెలుసా, నాకు తెలుసా?" అని మొహం ముడుచుకుంది.

హల్మోస్ గారు బెంచీ మీంచి లేచారు. "అద్భుతం! ఇప్పుడర్థమైంది నాకు. ఆవును మెచ్చుకుంటే ఆవు పోతుంది, అందుకని తిడతారు. మరి ఆచారాన్నే అందరూ మెచ్చుకుంటుంటే? దాన్ని కూడా తిట్టాలి! అబద్ధం అనాలి! లేకపోతే మంచివాళ్ళు దాన్ని ఎత్తుకుపోతారు!" మిగతా ఆరుగురూ గబగబా రాసుకున్నారు. జపాన్ నుంచి వచ్చినాయన వంగి నమస్కరించి అడిగాడు, "క్షమాపణ చెప్పడం కూడా పాత పద్ధతేనా, లేక మీ ఇంటి పద్ధతా?"

అన్నయ్య వైపు చూశాను. "నువ్వు చెప్పు, నువ్వున్నావుగా ఆ రోజు!" అన్నాను.

అన్నయ్య కోటు సర్దుకున్నాడు. జనాన్ని చూశాడు, రంగు వేసిన కొట్టాన్ని చూశాడు. పాపం, రెండుసార్లు నోరు తెరిచాడు.

"అంబా" అన్నాడు.

ఆ జనంలో ఇరాసెమా ఒక్కతే అంబా అనలేదు. నన్నే చూస్తూ నిలబడింది.

అందరూ టీకి వెళ్ళాక నా దగ్గరికి వచ్చింది. నేనింకా పీపా మీదే కూర్చున్నాను.

"నువ్వైనా నమ్మావా?"

"నాకు గురువారమే తెలిసింది మేడమ్. 'టీ తాగుతావా' అన్నారే, అప్పుడు. టేపు చివర ఆ పిల్ల కూడా అదే మాట అంటుంది. అచ్చం అదే గొంతు."

"మరి అప్పుడే అడగలేదేం?"

"మీరే చెబుతారని ఆగాను. చెప్పారుగా."

నేను ఏడ్చాను. ఆమె కోటు జేబులోంచి కాగితం రుమాలు తీసి ఇచ్చింది. అదీ తడిసే ఉంది.

4 నవంబర్

వ్యాసాన్ని అంగీకరించాను. చివర నా సంతకంతో ఒక పేజీ చేర్చాను. ఆ పిల్లను నేనేనని, ఆమె ఊహించినదంతా నిజమేనని. యాభై ఏళ్ళలో ఆవు గురించి నేను రాసిన మొదటి నిజం. ఒక పేజీకే సరిపోయింది.

ఫుట్‌నోట్లు మళ్ళీ చూశాను. ఒక్క తప్పు లేదు.

5 నవంబర్

డీన్‌తో చెప్పి రాజీనామా ఇచ్చాను.

"ఎందుకు?" అన్నారు.

"పత్రిక తొలి వ్యాసమే నా అబద్ధం కాబట్టి."

"ఆదివారం ప్రదర్శన అద్భుతంగా ఉంది. పైవాళ్ళు ఇంకో పదేళ్ళు పత్రికను ఉంచమన్నారు. ఆ క్షమాపణ ముక్క వచ్చే ఏడు కూడా ఉండాలన్నారు."

"ప్రెండర్‌గాస్ట్ గారూ, అది ప్రదర్శన కాదు."

"అదీ, సరిగ్గా అలాగే అనాలి" అని కన్ను కొట్టారు.

రాజీనామా కాగితం బల్ల మీద వదిలేసి వచ్చాను. దాని మీద కప్పు పెట్టుకున్నారు.

18 డిసెంబర్

సంచిక వచ్చింది. ఇరాసెమాకు ఉద్యోగం ఖాయమైంది. ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది, సగం పోర్చుగీసులో. ఏమీ అర్థం కాలేదు, కానీ ఫోన్ పెట్టెయ్యబుద్ధి కాలేదు.

ఖండనలు కూడా మొదలయ్యాయి. ఇప్పటికి తొమ్మిది. కెనడా నుంచి ఒకాయన, పదేళ్ళ పిల్ల ఇంత సంక్లిష్టమైన ఆచారాన్ని కల్పించడం అసాధ్యమని రాశాడు. స్పెయిన్ నుంచి ఒకావిడ, సాసేజుల కంపెనీయే మా ఊరి పాటను దొంగిలించి ఉంటుందని. కాన్సెప్టా నుంచి కూడా ఒకటి, కమిటీ ముద్రతో, వాళ్ళ అమ్మమ్మ ఫోటో జతచేసి. ఫోటోలో ఆవు ఉంది. అమ్మమ్మ నోరు తెరిచి ఉంది. ఆవులిస్తున్నట్టుంది నాకైతే.

అన్నయ్య వారం నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఈ రోజు మాత్రం గుడ్లు తెచ్చి వంటింట్లో పెట్టి, గుమ్మం దగ్గర ఆగి, "ఆ సంతకం పేజీలో అంబా నాదని ఎందుకు రాయలేదే?" అన్నాడు.

"నీ పరువు పోతుందని వదిలేశాను."

"పరువు సంగతి నేను చూసుకుంటాను. రాయాల్సింది."

9 జనవరి 2020

ఒక పేజీ సరిపోలేదు. మొత్తం కథను పద్ధతిగా వ్యాసంగా రాశాను: నాయనమ్మ పంటినొప్పి, కేకు, రేడియో, అన్నయ్య అంబా, అన్నీ. అన్నయ్యది ప్రత్యేకంగా ఒక పేరా. బుడాపెస్ట్ పత్రికకు పంపాను. నియమం ప్రకారం రచయిత పేరు తీసేసి పరిశీలకులకు ఇస్తారు. అది మంచిదే. మనిషిని చూసి కాదు, మాట చూసి తేలుస్తారు.

24 ఫిబ్రవరి

బుడాపెస్ట్ నుంచి జవాబు. తిరస్కరించారు.

పరిశీలకుడి మాటలు: "వ్యాసకర్తకు ఈ ఆచారంతో కనీస పరిచయం ఉన్నట్టు లేదు. సాక్ష్యాలన్నీ పిట్టకథలు. పంటినొప్పి ప్రస్తావన అనవసరం. అంబా గురించిన పేరా హాస్యాస్పదం. ఈ రంగంలో మళ్ళీ కలం పట్టేముందు వ్యాసకర్త అట్రాక్టా హన్రహన్ 1994లో రాసిన ప్రామాణిక వ్యాసాన్ని జాగ్రత్తగా చదవాలని నా సలహా."

అన్నయ్యకు చదివి వినిపించాను. 'హాస్యాస్పదం' దగ్గర ఒక గంట అలిగాడు.

మధ్యాహ్నం అటక మీంచి 1994 సంచిక దించి, దుమ్ము దులిపి, కిటికీ దగ్గర కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివాను. బాగా రాసింది. తడబాటు లేదు, సందేహం లేదు. పీపా అంచు ఎటు తిరగాలో, తిట్టేటప్పుడు గాలి ఎటు వీయాలో కూడా చెప్పింది. ఎనిమిదో పేజీకి వచ్చేసరికి నాకే అనిపించింది, ఎవరో ఎక్కడో ఈ ఆవును తిట్టే ఉంటారు.